డబ్బీకే గిరాకీ

అమెరికాలో నాణేల ప్రదర్శనలకి వెళ్తే, నాణెం ఎంత బాగుందో తేల్చి అంకె వేసే గ్రేడింగ్ కంపెనీల బల్లల మీద ఒకప్పుడు చిన్న ప్లాస్టిక్ డబ్బీలు ఉండేవి. అడిగినవాళ్లకి ఊరికే ఇచ్చేవారు. లోపల ఒక సెంటో, ఐదు సెంట్ల నికెలో, పది సెంట్ల డైమో. గ్రేడు రాయాల్సిన చీటీ మీద ‘శాంపిల్’ అన్న మాట. మా డబ్బీ ఇలా ఉంటుంది చూసుకోండి అని చెప్పడానికే అవి. తీసుకున్నవాళ్లలో దాచుకున్నవాళ్లు తక్కువ. ఇప్పుడు వాటిలో అరుదైనవాటికి సేకర్తలు వందల డాలర్లు పోస్తున్నారు.

దీని వెనక పాత తగాదా ఒకటుంది. నాణెం ధర చాలావరకు అది ఎంత అరిగిందన్న దాని మీదే. 1949లో విలియం షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాత రాగి సెంట్లకి 1 నుంచి 70 దాకా ఒక కొలత పెట్టాడు. ఒకటో గ్రేడు నాణెం కన్నా డెబ్బయ్యోది డెబ్బై రెట్లు విలువైనదని ఆయన లెక్క. ధరల లెక్క నిలవలేదు కానీ అంకెలు నిలిచాయి. (న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ భాండారంలోంచి మేలైన సెంట్లు కాజేసి, వాటి స్థానంలో నాసివి పెట్టింది ఈ పెద్దమనిషేనని ఆయన పోయాక బయటపడింది!)

64కీ 65కీ మధ్య ధర ఎన్నో రెట్లు పెరిగే రోజులొచ్చాక పేచీలు ముదిరాయి. అమ్మేటప్పుడు 65 అన్న వర్తకుడే తిరిగి కొనమంటే 63 అనేవాడు. ఏనాక్స్ అనే సంస్థ 1979 నుంచి గ్రేడు రాసి ఫొటో సర్టిఫికెట్ ఇచ్చింది. కాగితం ఒకచోట, నాణెం ఒకచోట ఉంటే ఏం లాభం? 1986లో డేవిడ్ హాల్, మరికొందరు వర్తకులు కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన పీసీజీఎస్ అనే కంపెనీ నాణేన్నీ చీటీనీ ఒకే డబ్బీలో పెట్టి, అల్ట్రాసోనిక్ తరంగాలతో అతికించేసింది. పగలగొడితే తప్ప ఊడదు. దాని తొలి బృందంలో ఉన్న జాన్ అల్బనీజ్ మరుసటి ఏడాదే బయటికొచ్చి ఎన్‌జీసీ అనే పోటీ కంపెనీ పెట్టాడు. చార్మినార్ బొమ్మున్న నిజాం రూపాయలు కూడా ఇప్పుడు ఇలాంటి డబ్బీల్లో వేలానికి వస్తున్నాయి.

అప్పట్లో, డబ్బీలో ఉంటే నాణెం కూడా షేరు లాంటిదే అనుకుని మదుపరులు ఎగబడ్డారు. 1989 తర్వాత ధరలు కుప్పకూలాయి. గ్రేడింగ్‌లో నిష్పాక్షికత గురించి పీసీజీఎస్ చేసుకున్న ప్రచారం మీద 1990లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. ఆ కాలంలో పుట్టిన చిన్న కంపెనీలు చాలావరకు మూతపడ్డాయి. కంప్యూటర్‌తో దశాంశాల్లో గ్రేడిచ్చిన కాంప్యుగ్రేడ్ కూడా నిలవలేదు.

అరుదు అన్నది ఇక్కడ విచిత్రంగా పుడుతుంది. పెద్ద కంపెనీలు ఏ గ్రేడు నాణేలు ఎన్ని ఇచ్చాయో లెక్క ప్రచురిస్తాయి. శాంపిళ్లకి ఆ లెక్కే లేదు. పైగా, ఇంకో అంకె పెరుగుతుందేమోనన్న ఆశతో జనం పాత డబ్బీలు పగలగొట్టి నాణేలని మళ్లీ పంపుతుంటారు. ఎన్‌జీసీ మొదట్లో కొద్దికాలమే వాడిన నల్ల డబ్బీ అందుకే ఇంత ప్రియమైంది. కదిపితే గలగలమనే పీసీజీఎస్ తొలి డబ్బీలకి ‘రాట్లర్’ అన్న ముద్దుపేరుంది. వాటి మీద మోజుకి సగం కారణం, అప్పట్లో గ్రేడు కఠినంగా ఇచ్చేవారన్న నమ్మకం.

శాంపిల్‌కి ఆ నమ్మకం అక్కర్లేదు. చాలావాటి మీద గ్రేడే ఉండదు, పేచీకి చోటే లేదు. ఇన్ని రకాల డబ్బీల్లో నాకు నచ్చేది ఇదే. డేవిడ్ ష్వాగర్ అనే సేకర్త వీటికోసం పుస్తకమే రాశాడు. అక్షరాల తీరు, హోలోగ్రామ్, చీటీ రంగు, అంచుల మలుపు చూసి డబ్బీ ఏ కాలానిదో గుర్తుపడతారు. నకిలీ డబ్బీలు మార్కెట్లోకి దిగాక, 2008 ప్రాంతం నుంచి, ఈ చూపు నిజమైన నాణేలు కొనేవాళ్లకీ పనికొస్తోంది. ఇక డబ్బీ మీద గీత పడితే ధర తగ్గుతుంది కాబట్టి, ఊరికే పంచిన ఆ డబ్బీలని ఇప్పుడు మరో ప్లాస్టిక్ సంచీలో పెట్టి దాస్తున్నారు.