కొకైన్ మాన్పించే మాత్ర లేదు.. మరి చికిత్స ఎలా?

మద్యం, హెరాయిన్ మానడానికి తోడ్పడే మందులున్నాయి. కొకైన్ వ్యసనానికి మాత్రం ఆమోదం పొందిన మందు ఇంతవరకూ లేదు. అందుకే ఇక్కడ కౌన్సెలింగే ప్రధాన చికిత్స. అందులో ముఖ్యమైనది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ).

ఏం చేస్తారు?

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు కేథలీన్ కారల్ రూపొందించిన విధానాన్ని అక్కడి ప్రభుత్వ సంస్థ 1998లో ప్రచురించింది. అందులో సుమారు 12 వారాల పాటు గంటేసి చొప్పున 12 నుంచి 16 సెషన్లు ఉంటాయి. నీతులు చెప్పరు. ప్రశ్నలు అడుగుతారు. చివరిసారి ఎప్పుడు తీసుకున్నారు? అప్పుడు ఎవరితో ఉన్నారు? మనసులో ఏముంది? తర్వాత ఏమైంది?

ఈ జవాబుల్లోంచే మీ ‘ట్రిగ్గర్లు’ బయటపడతాయి. జీతం పడిన రోజు కావచ్చు, వీకెండ్ పార్టీ కావచ్చు, ఫోన్‌లో దాచుకున్న ఓ నంబరు కావచ్చు. వాటిని తప్పించుకోవడం, ఎవరైనా ఇస్తే ‘వద్దు’ అని గట్టిగా చెప్పడం సాధన చేయిస్తారు. తీసుకోవాలన్న తహతహ అలలా లేచి, సాధారణంగా గంటలోపే తగ్గుతుంది. ఆ కాసేపు ఎలా గడపాలో నేర్పుతారు. ఇంటి దగ్గర చేయాల్సిన అభ్యాసాలూ ఉంటాయి.

పనిచేస్తుందా?

అందరికీ ఒకేలా కాదు. అయితే నేర్చుకున్న నైపుణ్యం చికిత్స ముగిశాకా మీతోనే ఉంటుంది. ఏడాది తర్వాత కూడా మెరుగుదల కొనసాగినట్టు కారల్ బృందం 1994లో వెల్లడించింది. మధ్యలో ఒకసారి జారినా చికిత్స ఆపేయకండి. ఎక్కడ జారారన్నదే తర్వాతి సెషన్‌కు పాఠం.

ఆసుపత్రికి వెళ్తే కేసు పెడతారా?

చాలామందిని ఆపేది ఈ భయమే. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 64ఏ ప్రకారం, వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసు ఎదుర్కొంటున్న బాధితులు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స పొందితే ఆ నేరాలకు ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. కొకైన్‌కు స్వల్ప పరిమాణం అంటే 2 గ్రాములు. చికిత్స మధ్యలో మానేస్తే ఈ రక్షణ ఉపసంహరించవచ్చు. అమ్మకందారులకు ఇది వర్తించదు.

ఎవరిని సంప్రదించాలి?

- 14446: డీఅడిక్షన్ జాతీయ టోల్‌ఫ్రీ హెల్ప్‌లైన్.
- 14416: టెలీ మానస్. మానేశాక కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు వస్తే వెంటనే కాల్ చేయండి.
- హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. సీబీటీలో శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్ట్ ఉన్నారా అని ముందే అడగండి.
- ఛాతీ నొప్పి, ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేయండి. ఏం తీసుకున్నారో వైద్యులకు దాచొద్దు.