మారుమనస్సు

మారుపేరు, మారువేషం, మారుతల్లి. వీటిలో ‘మారు’ అంటే వేరొకటి. అదే మాట మనస్సు ముందు చేరి తెలుగు బైబిలులో ‘మారుమనస్సు’ అయింది. గ్రీకు మూలంలోని మాట ‘మెటనోయా’. అదీ ఆలోచన మారడమే. దాని వెనుక హీబ్రూ ప్రవక్తల ‘శూబ్’ ఉంది: వెనుదిరిగి రావడం.

మన సంఘాల్లో ఈ మాట ఎక్కువగా సాక్ష్యాల్లో వినిపిస్తుంది, ‘ఫలానా సంవత్సరం మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాను’ అని. ఇంత పెద్ద మాటను ఆ ఒక్క రోజుకే కట్టేయడం అన్యాయం. లూకా సువార్త 3వ అధ్యాయంలో ‘మేమేం చేయాలి’ అని జనం అడిగితే బాప్తిస్మమిచ్చే యోహాను చెప్పినవన్నీ ఇంటి సంగతులు, వీధి సంగతులే. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలి. సుంకరి నిర్ణయించినదానికి మించి వసూలు చేయకూడదు. సైనికుడు ఎవరినీ బెదిరించి గుంజుకోకుండా జీతంతో తృప్తిపడాలి. 19వ అధ్యాయంలో సుంకరి జక్కయ్య మారాడనడానికి గుర్తు అతని డబ్బు లెక్కల్లోనే కనిపిస్తుంది: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు.

ఈ ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచే ముందు, ఇంట్లో పనిచేసే మనిషికి ఇవ్వాల్సిన జీతం ఇచ్చేశారో లేదో చూసుకోండి.