ముల్కీ నిబంధనలు : నివాసాభిజన విచారము

పరదేశి స్వదేశి యెట్లగును? పాణిని యీ ప్రశ్నను రాజనీతిగా విచారింపలేదు గాని, తద్ధితప్రకరణమున దానికిఁ బనికివచ్చు భేద మొకటి చూపియున్నాఁడు. దేశమునుబట్టి మనుష్యునకుఁ బేరు వచ్చుటకు నివాస మొక హేతువుగా, అభిజనము వేఱొక హేతువుగా రెండు సూత్రములు చేసెను. తాను వసించుచోటు నివాసము, పూర్వులు వసించినచోటు అభిజనము అని వ్యాఖ్యాతల వివరణము. హైదరాబాదు రాజ్యమున ముల్కీ యను మాటపై నడచిన వివాదముల కన్నిటికిని మూల మీ భేదమే.

ముల్కు అనునది అరబ్బీ శబ్దము. రాజ్యమని యర్థము, దానికి సంబంధించినవాఁడు ముల్కీ. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1919 వ సంవత్సరమున ఫర్మానా మూలమున ముల్కీ నిబంధనలను వెలువరించెను. ముల్కీ కానివానికి ప్రభువు ననుజ్ఞ లేనిదే సర్కారు కొలువు, పెద్దది గాని చిన్నది గాని, యీయరాదు. ముల్కీత్వము పుట్టుకచే రావచ్చును, ముల్కీని పెండ్లాడిన స్త్రీకి వివాహముచే రావచ్చును, నివాసముచేతను రావచ్చును. ఈ కడపటిదే విచార్యము. కనీసము 15 సంవత్సరములు స్థిరనివాస ముండవలయును. అంతియ కాదు, మునుపటి తావునకు మఱలిపోవు తలంపును విడిచితినని నిర్ణీతపత్రముమీఁదఁ బ్రమాణము చేసి, దానిని మేజిస్ట్రేటుచే ధ్రువపఱపించుకొనవలయును. అనఁగా, కాలమునకే గాక మనస్సునకును సాక్ష్యము గోరిరి. ఇది కొలువులకొఱకైన యేర్పాటే కాని పూర్ణపౌరత్వము గాదు. అయినను విదేశీయునకుఁ బౌరత్వ మొసఁగు పద్ధతుల ప్రధానలక్షణము లిందుఁ గలవు. నాలుగేండ్లకు, 1923 లో, అమెరికా సుప్రీముకోర్టు భగత్ సింగ్ థిండ్ అనువాఁడు తమ సేనలోఁ బనిచేసినవాఁడైనను శ్వేతజాతీయుఁడు గాఁడని నిర్ణయించి, పౌరత్వమున కనర్హునిఁ జేసెను. అచట అభిజనమే గెలిచినది. నిజాము శాసనము ఈ యొక్క విషయమున నుదారతరమని చెప్పక తప్పదు.

కాని మనస్సునకుఁ గాగితము సాక్ష్యమైనపుడు కాగితమే వస్తువగును. 1948 పిదప నితరప్రాంతముల యుద్యోగులు పెక్కురు వచ్చిరి. దొంగ ముల్కీపత్రములు పుట్టుచున్నవని విద్యార్థులు మొఱపెట్టిరి. 1952 సెప్టెంబరులో మూసీ దక్షిణతీరమున, హైకోర్టు ప్రక్కనున్న సిటీ కాలేజీకడఁ బోలీసుల కాల్పులలోఁ బ్రాణములు పోయినవి.

రాష్ట్రములు కలసిన పిమ్మట 1957 లో పార్లమెంటు తెలంగాణమున కొలువులకు నివాసనియమము నేర్పఱుచు చట్టము చేసెను. ఇతరప్రాంతీయులను దొలఁగించి యాంధ్రప్రాంతమునఁ జేర్చవలయునని 1969 జనవరిలో ప్రభుత్వ ముత్తరువు చేయఁగా, ఎ.వి.ఎస్. నరసింహారావు మొదలగువారు సుప్రీముకోర్టు నాశ్రయించిరి. అదే సంవత్సరము మార్చి 28 న తీర్పు వెలువడెను. రాజ్యాంగపు 16 వ యధికరణమున నివాసనియమమును రాష్ట్రమునకుఁ జెప్పిరి కాని రాష్ట్రభాగమునకుఁ జెప్పలేదు. కావునఁ దెలంగాణమునకు మాత్రము చేసిన నియమము చెల్లదు. అవయవికిఁ జెప్పిన విధి యవయవమునకు వర్తింపదనుట యిది. శాబ్దికులకు రుచించు తీర్పే కాని, దానిచే నెందఱి జీవికయో తలక్రిందయ్యెను.

చట్టము పోఁగా పాతనిబంధనలు బ్రదికియున్నవా యను శంక పుట్టెను. 1972 ఫిబ్రవరిలో హైకోర్టున నైదుగురు న్యాయమూర్తులలో నలుగురు లేవనిరి. ఆ యేఁడే అక్టోబరు 3 న సుప్రీముకోర్టు, 35 వ యధికరణముచేఁ బూర్వశాసనములు నిలిచియున్నవి గావున నవి చెల్లుననియె. దానిపై జై ఆంధ్ర యుద్యమము చెలరేఁగెను. 1973 లో ఆఱుసూత్రముల యొడంబడిక కుదిరి, ముల్కీ నిబంధనలు రద్దయ్యెను. 1975 నాఁటి రాష్ట్రపతి యుత్తరువు వాని స్థానమున స్థానికుఁ డనుమాటను నిలిపి, 15 ఏండ్లకు బదులు నాలుగేండ్ల చదువును, చదువు లేనియెడల నంతకాలపు నివాసమును లెక్కించెను. మఱలిపోవు తలంపునుగూర్చిన ప్రమాణ మందు లేదు.