11 వేలు

ల్యాబు కుర్రాడు కాయితాన్ని కవర్లో పెట్టలేదు. అలాగే చేతికిచ్చాడు. "డాక్టరు గారికి ఇప్పుడే చూపించెయ్యండి" అన్నాడు. తండ్రి ఏదో అడగబోయేసరికి గబగబా లోపలికి వెళ్లిపోయాడు.

ఆగస్టు నెల. జంగారెడ్డిగూడెంలో పొద్దుటి నుంచీ ముసురు. క్లినిక్కు వరండా నిండా తడి గొడుగులు, ఫినాయిలు వాసన, దగ్గులు. ఆరేళ్ల పాప వాళ్లమ్మ ఒళ్లో కూచుని కాళ్లాడిస్తోంది. నిన్న సాయంత్రం అంటుకున్న జ్వరం. వీధిలో అప్పటికే రెండిళ్లలో డెంగీ. అందుకే ఎందుకైనా మంచిదని రక్త పరీక్ష రాశాడు డాక్టరు. కాయితంలో ఒకే ఒక్క అంకె కింద పెన్నుతో గీత గీసి ఉంది.

ప్లేట్‌లెట్స్: 11,000.

ఉండాల్సింది లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. ఆ సంగతి తండ్రికి ఎవరూ చెప్పక్కర్లేదు. వానాకాలం వచ్చిందంటే మన ఊళ్లలో కూరగాయల ధర తెలియనివాళ్లుంటారేమో గానీ, ప్లేట్‌లెట్స్ లెక్క తెలియనివాళ్లుండరు.

డాక్టరు కాయితం చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "పాపని ఇక్కడ ఉంచే ధైర్యం నాకు లేదండీ. విజయవాడ తీసుకెళ్లిపోండి."

"ఆడుకుంటానే ఉందండీ..." తల్లి గొంతు పెగల్లేదు.

"ఆడుకుంటుందమ్మా. ఇంత తక్కువున్నప్పుడు లోపల ఎక్కడ రక్తం కారుతుందో చెప్పలేం. తలలో గానీ కారిందంటే..." ఆ మాట ఆయన పూర్తి చెయ్యలేదు.

ఆరున్నరకి పక్కింటివాళ్ల కారు కదిలింది. స్టీరింగు దగ్గర బావమరిది. అంతకు ముందే మామ్మ పెరట్లోకి పరిగెత్తింది. బొప్పాయి ఆకులు దంచి, పిండి, ఆ పసరు పాప ముక్కు మూసి గ్లాసుడూ తాగించింది. గుర్వాయిగూడెం మద్ది ఆంజనేయస్వామికి ఆకుపూజ మొక్కుకుంది. కారు మలుపు తిరిగేదాకా వానలో అలాగే నిలబడింది.

కామవరపుకోట దాటేసరికి వాన ఎత్తుకుంది, రెండు పక్కలా పామాయిలు తోటలు చీకట్లో కలిసిపోయాయి, తండ్రి మాత్రం ఫోను చెవి నుంచి దించకుండా, విజయవాడలో ఇంజినీరింగు చదివే మేనల్లుడికీ, వాడి రూమ్మేట్లకీ, ఎప్పుడో పెళ్లిలో కలిసిన మందుల కంపెనీ రెప్రజెంటేటివ్‌కీ, ఆఖరికి పొగాకు వేలం దగ్గర పరిచయమైన రైతు తమ్ముడికి కూడా "ఓ పాజిటివ్ అండి, ప్లేట్‌లెట్స్ ఇవ్వాలండి, పాపకండి" అనే మూడు ముక్కలే తిప్పి తిప్పి చెబుతూ, సిగ్నలు పోయినచోట ఫోను వంక వెర్రిగా చూస్తూ, వచ్చినచోట మళ్లీ మొదటి నుంచీ మొదలెడుతూ ఏలూరు దాకా వచ్చాడు. ఒక్కడు దొరికాడు. రూమ్మేటు. "వస్తానంకుల్" అన్నాడు. అంతలో లైను తెగిపోయింది.

వెనక సీట్లో తల్లి ఫోను టార్చి వేసి పాప చేతులు, మెడ, పొట్ట వెతుకుతోంది. ఒంటి మీద ఎర్ర మచ్చలొస్తే ప్రమాదమని ఎక్కడో విన్నది. మోచేతి పైన ఒకటి కనబడింది. ఎర్రగా. చిన్నగా.

"ఇంకాస్త తొందరగా పోనీరా తమ్ముడూ."

హనుమాన్ జంక్షన్ దగ్గర పాప "అమ్మా, కడుపులో తిప్పుతోంది" అంది. అంటూనే భళ్లున కక్కింది. కారు పక్కకి ఆగింది. లారీలు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. సీటు మీద, తల్లి చీర మీద ఏదో నల్లగా, చిక్కగా. తండ్రి లైటు వెయ్యబోయి ఆగిపోయాడు. వేస్తే ఏం కనబడుతుందో.

బావమరిది వేశాడు. ఆకుపచ్చ. బొప్పాయి పసరు.

"నాకొద్దని చెప్పానుగా" అంది పాప. బిస్కెట్టు అడిగింది. ముందు సీట్లో తండ్రి డాష్‌బోర్డు మీద తల ఆనించి చాలాసేపు ఎత్తలేదు.

తొమ్మిదికి సూర్యారావుపేట. ఆసుపత్రి క్యాజువాలిటీలో ట్యూబులైట్ల వెలుగు, నేల మీద బురద అడుగులు. డ్యూటీ డాక్టరు చిన్నపిల్ల. పాతికా ముప్ఫై మధ్యన ఉంటుందేమో. కాయితం చూసి అడిగిన మొదటి ప్రశ్నే వింతగా ఉంది.

"జ్వరం ఎన్నాళ్ల నుంచమ్మా?"

"నిన్న సాయంత్రం నుంచండి."

"నిన్ననా?" ఆమె మళ్లీ కాయితం వంక చూసింది.

డెంగీకి ఒక నడక ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు ఒళ్లు కాలిపోతుంది. ప్లేట్‌లెట్స్ బాగా జారేది ఆ తర్వాత, చాలామందిలో జ్వరం దిగుతున్న రోజుల్లో. తెల్ల కణాలు అంతకు ముందే తగ్గుతాయి. రక్తం చిక్కబడుతుంది. ఈ పాపకి జ్వరం మొదలై ఇంకా 30 గంటలు కాలేదు. తెల్ల కణాలు తగ్గలేదు సరిగదా, పెరిగాయి.

డాక్టరు ఒక గాజు స్లైడు తీసి మోచేతి మచ్చ మీద నొక్కింది. ఎరుపు పోయి తెల్లబడింది. "దోమ కుట్టిందమ్మా. చర్మం కింద రక్తం కారిన మచ్చ అయితే నొక్కినా పోదు." బీపీ పట్టీ బిగించి 5 నిమిషాలు ఉంచింది. విప్పింది. కింద ఒక్క చుక్కా లేదు. చిగుళ్లు శుభ్రం. పాప ఆమె మెడలో స్టెతస్కోపు లాగుతోంది.

"అంకెకీ పాపకీ పొంతన కుదరట్లేదండీ. మళ్లీ రక్తం తీద్దాం" అంది. తల్లి మొహంలో మొదటిసారి కాస్త జీవం వచ్చింది. అది గంట కూడా నిలవలేదు.

ఊదా మూత ట్యూబు కింద ల్యాబుకి వెళ్లింది. రాత్రి రద్దీ. ఏసీ గదిలో, ట్రేలో, వరసలో ఉండిపోయింది. దాని వంతు వచ్చేసరికి పది కావచ్చింది. రిపోర్టు పైకి వచ్చింది.

9,000.

ఇంకా తగ్గాయి. తండ్రి గోడకి జారబడ్డాడు. తెల్ల కణాలు 15 వేలు దాటాయి. డాక్టరు ఫోను పట్టుకుని వరండాలోకి నడిచింది. తలుపు పూర్తిగా మూసుకోలేదు. "డెంగీ పద్ధతిలో లేదు సార్... అవును సార్, తెల్ల కణాలు ఎక్కువే... స్మియర్ కూడా చూడమంటాను... అవసరమైతే మజ్జ పరీక్ష..."

మజ్జ. ఆ మాట తల్లికి తెలుసు. సాయం చెయ్యమంటూ టీవీలో, ఫోన్లో తిరిగే పసిపిల్లల ఫొటోల కింద ఆ మాటే ఉంటుంది.

"బ్లడ్ క్యాన్సరా అండి?"

"అలా అనలేదమ్మా" అంది డాక్టరు. కాదని కూడా అనలేదు.

రెండు వీధుల అవతల బ్లడ్ బ్యాంకులో రూమ్మేటు కుర్చీలో వాలి ఉన్నాడు. పరీక్షలన్నీ అయ్యాయి. నరం దొరికింది. ఒక్కడి దగ్గరే ప్లేట్‌లెట్స్ మాత్రం వేరుచేసి, మిగతా రక్తం మళ్లీ వాడి ఒంట్లోకే పంపే యంత్రం అది. గంట, గంటన్నర పడుతుంది. కిట్టు ఒకసారి విప్పితే డబ్బు కట్టాల్సిందే. పదివేల పైమాటే. బావమరిది కౌంటర్లో నోట్లు లెక్కపెడుతున్నాడు. నర్సు కిట్టు కవరు అంచు పట్టుకుంది.

అదే సమయానికి ఆసుపత్రి కింద ల్యాబులో, వాన కోటు విప్పుకుంటూ పెథాలజిస్టు వచ్చింది. యాభై దాటిన మనిషి. పాప రక్తం చుక్కని స్లైడు మీద పలచగా సాగదీసి, స్మియర్ చేసి, రంగు వేయించింది. అందరూ చూసే నడిమి భాగం ముందు చూడలేదు. చివరంచుకి జరిపింది. ఆగింది. ఫోకస్ సరిచేసింది.

"పైకి ఫోన్ చెయ్యి. ఆ ప్లేట్‌లెట్స్ ఆపమను."

క్యాజువాలిటీ నుంచి తండ్రికి, తండ్రి నుంచి బావమరిదికి. ఫోను మోగింది. మోగుతూనే ఉంది. బావమరిది చేతుల నిండా నోట్లు. నాలుగో రింగుకి ఎత్తాడు. "కిట్టు విప్పొద్దంటున్నారండీ!" అని అరిచాడు. నర్సు చెయ్యి వెనక్కి తీసింది.

ఆ స్లైడు అంచున ప్లేట్‌లెట్స్ ఉన్నాయి. కావలసినన్ని ఉన్నాయి. ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులు కట్టాయి.

రక్తం గడ్డకట్టకుండా ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. రక్తంలోని కాల్షియాన్ని అది పట్టేసుకుంటుంది. కొందరి రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీలు ఆ రసాయనం తగిలినప్పుడే ప్లేట్‌లెట్స్‌ని ఒకదానికొకటి అతికిస్తాయి. ఒంట్లో కాదు, ట్యూబులో. ఎంతసేపు ఉంచితే అంత, ఎంత చల్లబడితే అంత. రెండో ట్యూబు ఏసీ గదిలో ఎదురుచూసింది కాబట్టే 11 వేలు 9 వేలయ్యాయి. ఇది కొత్త సంగతేం కాదు. 1969లోనే ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. వెయ్యిమందిలో ఒకరికి, అటూ ఇటూగా, కనబడుతుంది. మరి యంత్రం ఎందుకు పసిగట్టలేదు? చాలా కౌంటర్లు ఇప్పటికీ అమెరికా ఇంజినీరు వాలెస్ కౌల్టర్ 1953లో పేటెంటు పొందిన కిటుకు మీదే నడుస్తాయి. సన్నటి రంధ్రంలోంచి ఒక్కొక్క కణం వెళుతుంటే పరిమాణాన్ని బట్టి లెక్క కడతాయి. గుంపు పెద్దదైతే అది ప్లేట్‌లెట్ కాదు, తెల్ల కణం అనుకుంటాయి. తల్లి గుండెలు ఆపిన ఆ 15 వేలలో సగం దాకా అవే.

కానీ ఇదంతా ఇంకా అనుమానమే. రుజువు కావాలి. అంటే మూడోసారి సూది.

ఈసారి పాప ఏడ్చింది. గట్టిగా, కాళ్లు తన్నుకుంటూ. తల్లి పట్టుకోలేకపోయింది. తండ్రి పట్టుకున్నాడు. నీలం మూత ట్యూబు. ఇందులో ఈడీటీఏ బదులు సిట్రేట్. పెథాలజిస్టు పక్కనే నిలబడి ట్యూబుని గుప్పిట్లో వెచ్చగా పట్టుకుంది. ఎవరికీ ఇవ్వలేదు. మెట్లు తానే దిగింది. ట్రేలో పెట్టలేదు. నేరుగా యంత్రం కింద పెట్టింది. తండ్రి గాజు తలుపు బయట నిలబడ్డాడు. యంత్రం గురగురలాడింది. తెర మీద అంకె వచ్చింది. ఆయనకి దూరం నుంచి కనబడలేదు.

పెథాలజిస్టు తలుపు తీసింది. "2 లక్షల 18 వేలు. ట్యూబులో ద్రవం కలిసింది కాబట్టి పదో వంతు కలుపుకోవాలి. ఇంచుమించు 2 లక్షల 40 వేలండీ మీ పాపకి."

తండ్రి ఏమీ అనలేదు. చెప్పులు వెతుక్కున్నాడు. అవి కాళ్లకే ఉన్నాయి.

తల్లి మాత్రం నమ్మలేదు. "మీరు ధైర్యానికి చెబుతున్నారు" అంది. పెథాలజిస్టు నొచ్చుకోలేదు. కిందకి తీసుకెళ్లి మైక్రోస్కోపు ముందు కూచోబెట్టింది. "ఊరేగింపులో జనాన్ని లెక్కపెట్టమంటే, చేతులు పట్టుకున్న గుంపుని ఒక్కడి కింద రాసుకుందమ్మా మా మెషీను. నువ్వు చూడు." తల్లి ఒక కన్ను మూసి చూసింది. ఊదా రంగు చుక్కల ముద్దలు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. చాలాసేపు చూసింది. అప్పుడు ఏడ్చింది.

ఆ జ్వరం మామూలు వైరల్. నాలుగో రోజుకి పోయింది. భయం పోలేదు. ఇంటికొచ్చాక తల్లి రోజూ రాత్రి టార్చి వేసి పాప ఒళ్లు చూసేది. స్కూలు బస్సు ఎక్కే ముందు చొక్కా చేతులు ఎత్తి చూసేది. పళ్లు తోముకుంటుంటే ఉమ్మి రంగు చూసేది. అత్తగారు కోప్పడ్డారు. భర్త బతిమాలాడు. ఏ మాటా పనిచెయ్యలేదు. నెల తర్వాత రెండు రకాల ట్యూబుల్లోనూ ఒకేసారి రక్తం తీశారు. ఊదాలో 16 వేలు. నీలంలో 2 లక్షల 30 వేలు. ఆ రెండు కాయితాలూ పక్కపక్కన పెట్టి ఆవిడే చదువుకుంది. టార్చి వెయ్యడం ఆ వారంలో తగ్గింది, కొన్నాళ్లకి మానేసింది.

పాప ఫైలు అట్ట మీద ఇప్పుడు ఎర్ర సిరాతో ఒక మాట రాసి ఉంది: "ఈడీటీఏ ట్యూబులో ప్లేట్‌లెట్స్ లెక్క తప్పు వస్తుంది. సిట్రేట్ ట్యూబు, స్మియర్ తప్పనిసరి." ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అదే చూపిస్తారు.

డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్స్ నిజంగా పడిపోయేవాళ్లే ఎక్కువ. తక్కువ అంకె వస్తే ఇంట్లో కూచోకండి, ఆసుపత్రికి వెళ్లండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, రక్తస్రావం ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకండి. కానీ పిల్ల హుషారుగా ఉండి, అంకె మాత్రం పాతాళంలో ఉంటే, రక్తం ఎక్కించే ముందు మొహమాటపడకుండా ఒక్క ప్రశ్న అడగండి: "స్మియర్ చూశారా అండి?"