జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రోడ్లపై అధిక లోడు నియంత్రణ

రోడ్డు మీద నడిచే వాహనం ఎంత బరువు మోయవచ్చు, ఎంత ఎత్తు, వెడల్పు, పొడవు ఉండవచ్చు అనే విషయాల్లో ప్రభుత్వం పెట్టిన హద్దులనూ, వాటిని అమలు చేసే తీరునూ కలిపి అధిక లోడు నియంత్రణ అంటారు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగేదాకా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ కరీంనగర్ జిల్లాలో ఉండేవి. ఇప్పుడు మొదటి రెండు జగిత్యాల జిల్లాలో, మూడోది రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉన్నాయి.

ఈ ప్రాంతంలో సరుకు రవాణా భారం మొదటినుంచీ ఎక్కువగా రోడ్డు మీదే పడింది. జగిత్యాల, కోరుట్లల మీదుగా వెళ్లే పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గం పూర్తయింది 2017లో. సిరిసిల్లకు రైలు తెచ్చే మనోహరాబాద్–కొత్తపల్లి మార్గానికి 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగితే, 2023లో సిద్దిపేట దాకా వచ్చింది. అందుకే వడ్లు, మక్కలు, పసుపు, జగిత్యాల మామిడి, సిరిసిల్ల మరమగ్గాలకు వచ్చే నూలు, అక్కడినుంచి వెళ్లే బట్ట, మానేరు ఇసుక, కరీంనగర్ గ్రానైట్ అన్నీ లారీ ఎక్కాల్సిందే. నిజామాబాద్ వైపు నుంచి ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి మీదుగా జగదల్‌పూర్ వెళ్లే రహదారి ఒకప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చినప్పుడు అది 63 అయింది. జగిత్యాల నుంచి కరీంనగర్, వరంగల్ మీదుగా ఖమ్మం వెళ్లేది 563. సూర్యాపేట నుంచి సిరిసిల్లకు వచ్చేది 365బి.

చట్టం ఎదిగిన తీరు

బరువుకు హద్దు పెట్టడం 1939 మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. హైదరాబాద్ రాష్ట్రం భారత యూనియన్‌లో కలిశాక అది ఇక్కడికీ వచ్చింది. దాని స్థానంలో తెచ్చిన 1988 చట్టం 1989 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 113వ సెక్షన్ బరువు హద్దు గురించి, 114వది వాహనాన్ని ఆపి కాంటా పెట్టించే అధికారం గురించి, 194వది జరిమానా గురించి చెబుతాయి. 1994 సవరణతో కనీస జరిమానా 2,000 రూపాయలు, అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ మరో 1,000 రూపాయలు అయింది. లారీ యజమానికి ఇది లెక్కలో కలిసిపోయే ఖర్చు. కొన్ని రాష్ట్రాలు ముందే డబ్బు కట్టించుకుని ఎక్కువ లోడుకు కార్డులు కూడా ఇచ్చాయి. 2005 నవంబరులో పరంజీత్ భాసిన్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని తప్పుపట్టి, జరిమానా కట్టినంత మాత్రాన సరిపోదని, అదనపు సరుకు దించాకే బండి కదలాలని స్పష్టం చేసింది. ఈ రంగంలో ఇంతకంటే ముఖ్యమైన తీర్పు లేదు.

2019 సవరణ జరిమానాను 20,000 రూపాయలకూ, అదనపు టన్నుకు 2,000 రూపాయలకూ పెంచింది. కాంటాకు రానని మొండికేస్తే 40,000. ఆ ఏడాది సెప్టెంబరు 1న దేశంలో ఇవి మొదలైనప్పుడు తెలంగాణ ప్రభుత్వం కొత్త జరిమానాలను వెంటనే అమలు చేయలేదు.

ఇరుసు లెక్క

రోడ్డును చెడగొట్టేది లారీ మొత్తం బరువు కంటే ఒక్కో ఇరుసు మీద పడే బరువు. 1958–60 మధ్య అమెరికాలోని ఇల్లినాయిలో జరిపిన రోడ్డు పరీక్షల్లో తేలిన సూత్రం ప్రకారం, నష్టం ఇరుసు బరువు నాలుగో ఘాతానికి దగ్గరగా పెరుగుతుంది. అంటే బరువు రెట్టింపైతే నష్టం 16 రెట్లు. భారత రోడ్ల నిర్మాణంలో ప్రామాణిక ఇరుసు 8.16 టన్నులు. చట్టం మాత్రం నాలుగు టైర్ల ఇరుసుకు చాలాకాలం 10.2 టన్నులు ఒప్పుకుంది. 2018 జూలైలో దాన్ని 11.5 చేసింది. రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 16.2 నుంచి 18.5 టన్నులకు, మూడు ఇరుసులదీ 25 నుంచి 28.5కు పెరిగాయి. ఎలాగూ ఎక్కువే వేస్తున్నారు కదా, దాన్నే చట్టబద్ధం చేస్తే అదుపులో ఉంటుందన్న ఆశ ఇందులో ఉంది. ఇరుసు హద్దు 10.2 నుంచి 11.5కు చేరడమంటే పై సూత్రం ప్రకారం ఆ ఇరుసు చేసే నష్టం సుమారు 1.6 రెట్లు కావడం. పాత లెక్కతో వేసిన రోడ్లు అలాగే ఉన్నాయి.

ఇసుక, గ్రానైట్

సిరిసిల్ల ప్రాంతంలో అధిక లోడు చరిత్ర అంటే ముందుగా ఇసుక చరిత్ర. మానేరులో ఇసుక తవ్వే రీచ్‌ల నుంచి హైదరాబాద్‌కు ఇసుక లారీలు ఊళ్ల మధ్యనుంచే సాగేవి. ఎన్ని ట్రిప్పులు, ఒక్కో ట్రిప్పుకు ఎన్ని టన్నులు అనే దాన్నిబట్టే కిరాయి కాబట్టి వేగం, బరువు రెండూ కలిసి పెరిగాయి. 2017 జూలైలో తంగళ్లపల్లి మండలం నేరెళ్ల దగ్గర ఇసుక లారీ కింద పడి ఒకరు చనిపోయారు. కోపంతో జనం లారీలను తగలబెట్టారు. ఆ తర్వాత అదుపులోకి తీసుకున్నవారిని పోలీసులు చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలు రాష్ట్రమంతా చర్చకు వచ్చాయి. లారీలు తగలబెట్టడం నేరమే. కానీ ఊరి నడుమ రోజంతా నడిచిన బరువును అంతకుముందే ఆపి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు. ఇసుక అమ్మకాన్ని రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఆన్‌లైన్‌లో నడుపుతోంది. ఏ లారీకి ఎంత ఇసుక అన్నది బుకింగులోనే తెలుస్తుంది కాబట్టి రీచ్ దగ్గరే లెక్క సరిచూసే వీలు కాగితం మీద ఉంది.

గ్రానైట్‌ది ఇంకో సమస్య. ఇసుకను పారతో దించవచ్చు, ఒకే ముక్కగా ఉన్న బండను రోడ్డు పక్కన సగం దించలేరు. దానికి తూకం క్వారీ గేటు దగ్గరే జరగాలి.

ఎత్తు, వెడల్పు

బరువు మీద ఉన్నంత పట్టింపు కొలతల మీద లేకపోయింది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు వాహనం వెడల్పును 2.6 మీటర్లకు పరిమితం చేశాయి. సరుకు వాహనం ఎత్తు హద్దు 3.8 మీటర్లు, 2020లో దాన్ని 4 చేశారు. ఇనుప చువ్వలు వెనక్కి ఒక మీటరు దాకా పొడుచుకు వచ్చినా ఒప్పుకునే వెసులుబాటును 2014లో తీసేశారు. 2019 సవరణతో సరుకు పక్కలకు గానీ, పైకి గానీ, వెనక్కి గానీ హద్దు దాటితే 20,000 రూపాయల జరిమానా వచ్చింది.

వరిగడ్డి, పత్తి నింపిన ట్రాక్టర్లకు, డీసీఎం వ్యాన్లకు ఈ హద్దులు పట్టవు. కరెంటు తీగలు మాత్రం ఎత్తు మించిన లోడును వదలవు. రోడ్డు దాటే 33 కేవీ తీగ నేలకు కనీసం 6.1 మీటర్ల ఎత్తున ఉండాలన్నది నియమం. కోరుట్లలో పెద్ద వినాయక విగ్రహాన్ని తరలిస్తుండగా హైటెన్షన్ తీగలు తగిలి ఇద్దరు చనిపోయారు. విగ్రహం ఎత్తును తయారీ షెడ్డులోనే కొలిచి, తరలించే దారిని విద్యుత్ సిబ్బందికి ముందే చెప్పే పద్ధతి తప్పనిసరి చేస్తే ఇలాంటి చావులు ఆగుతాయి.

మనుషుల లోడు

ఈ ప్రాంతంలో అతి పెద్ద అధిక లోడు దుర్ఘటన సరుకుది కాదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు రోడ్డులో ఆర్టీసీ బస్సు బోల్తాపడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో 100 మందికి మించి ఉన్నారు. ఆ మరుసటి ఏడాది చేరిన 194ఎ సెక్షన్ ప్రకారం అదనపు ప్రయాణికుడికి జరిమానా 200 రూపాయలు. అదనపు టన్ను సరుకుకు 2,000 అన్న చట్టంలోనే ఈ అంకె ఉండడం బాధాకరం. 2025 నవంబరులో రంగారెడ్డి జిల్లా మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని, కంకర ప్రయాణికుల మీద పడి 19 మంది చనిపోయాక అధిక లోడు తనిఖీల మీద మళ్లీ దృష్టి పడింది.

అమలు

రోడ్డు మీద తనిఖీ చేసేవారు రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్లు, పోలీసులు. ఖనిజాలైతే గనుల శాఖ కూడా. బండి దొరికినప్పుడు ముందు ఇబ్బంది పడేది డ్రైవర్. లోడు నిర్ణయించేది అతను కాదు, రీచ్‌లో, క్వారీలో, గోదాములో ఉన్నవాళ్లు. వీళ్లను వదిలేసి రోడ్డు మీద బండ్లు పట్టుకోవడం వల్ల అధిక లోడు తగ్గలేదు. ధర్మకాంటా లోడింగు పాయింట్ దగ్గరే ఉండాలి, దాని చీటీ లేకుండా బండి రోడ్డెక్కకూడదు. డ్రైవర్ యజమాని కానప్పుడు, నేరం యజమానికి తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చని 113వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ చెబుతోంది. 194వ సెక్షన్ కూడా నడిపినవారితో పాటు నడిపించినవారినీ బాధ్యుల్ని చేస్తుంది. వీటిని వాడడానికి కొత్త చట్టం అక్కర్లేదు.