నెల్లూరెద్దు: పేరును లింగమును

కృష్ణపట్నము రేవుగాఁ గల నెల్లూరుసీమ పశువులకుఁ బ్రసిద్ధము. ఆ జాతిని మనవా రొంగోలుజాతి యందురు. బ్రెజిలుదేశమువారు 'నెలోరె' యందురు. ఈ భేదము భ్రమవలనఁ గలిగినది కాదు. 1904 వఱకు ఒంగోలు నెల్లూరుమండలములోనిదే. పిదప గుంటూరుమండలమునఁ జేరెను. 19వ శతాబ్దిలో నోడ యెక్కిన పశువు మండలనామమును వెంటఁ గొనిపోయి యుండును. ఇంట నిలిచినదానికి ఊరిపేరు నిలిచినది.

పేరునకంటె లింగము విచిత్రము. పోర్చుగీసుభాషలో 'నెలోరె' పుంలింగము. తెలుఁగున ఎద్దు అట్లు గాదు. 1858లోఁ బ్రకటితమైన బాలవ్యాకరణమునఁ జిన్నయసూరి స్త్రీలను, తిర్యక్కులను, జడములను విడిచి తక్కినవానినే మహత్తులనెను. కావున ఆఁబోతునకును 'అది'యే, ఆవునకును 'అది'యే. మగతనము ప్రత్యయమువలనఁ గాక 'పోతు' అను వేఱుపదమువలనఁ దెలియును: ఆఁబోతు, దున్నపోతు, మేఁకపోతు. ఆఁబోతులోని 'ఆ' తమిళమునను గోవునకుఁ బేరు. ఎద్దునకుఁ దమిళమున ఎరుదు, కన్నడమున ఎత్తు సోదరములు.

సంస్కృత గోశబ్దము రెండులింగములఁ జెల్లును. దానికి దూరపుఁ దోఁబుట్టువు ఐర్లండుభాషలోని 'బో', అది స్త్రీలింగమే. ఈ యలవాటునుబట్టి బడులలో ఎద్దు పుంలింగమనియు, ఆవు స్త్రీలింగమనియు వల్లె వేయించుట తెలుఁగునకుఁ జెల్లదు. అది యర్థమును జెప్పుటయే కాని వ్యాకరణమును జెప్పుట గాదు. బహువచనమునఁ జూచిన భేదము స్పష్టము: స్త్రీలు వచ్చిరి, ఎడ్లు వచ్చెను, ఆవులు వచ్చెను.