ఇనుము, మెగ్నీషియం సల్ఫేట్ లవణాలు: అన్నభేది, భేది ఉప్పు

అన్నభేది, భేది ఉప్పు సల్ఫ్యూరిక్ ఆమ్లం నుంచి ఏర్పడే రెండు లోహ లవణాలు. మొదటిది ఫెర్రస్ సల్ఫేట్, రెండవది మెగ్నీషియం సల్ఫేట్. స్ఫటిక రూపంలో ఈ రెండింటిలోనూ ఒక్కొక్క లోహ అయానుకు ఏడేసి నీటి అణువులు ఉంటాయి. వాటిలో ఆరు లోహాన్ని చుట్టుకొని ఉండగా, ఏడవది హైడ్రోజన్ బంధాలతో సల్ఫేట్‌కు చేరువగా నిలుస్తుంది. ఇలా స్ఫటికంలో ఇమిడి ఉండే నీటిని స్ఫటికజలం అంటారు. అన్నభేది బరువులో ఇది సుమారు 45 శాతం, భేది ఉప్పు బరువులో సుమారు 51 శాతం. నిర్మాణంలో ఇంత పోలిక ఉన్నా, ఇనుము +2 ఆక్సీకరణ స్థితి నుంచి +3 స్థితికి సులభంగా మారుతుంది, మెగ్నీషియం మాత్రం +2 స్థితిని దాటదు. రెండు లవణాల చరిత్ర, వినియోగం వేర్వేరు దారులు పట్టడానికి ప్రధాన కారణం ఈ భేదమే.

రసాయన ధర్మాలు

అన్నభేది లేత ఆకుపచ్చ స్ఫటికాలుగా లభిస్తుంది. పొడి గాలిలో ఇది స్ఫటికజలాన్ని కోల్పోయి తెల్లబడుతుంది. తేమ గాలిలో ఆక్సీకరణం చెంది, పైన పసుపు కలిసిన గోధుమరంగు పూత పడుతుంది. దీని ద్రావణాన్ని నిలవ ఉంచితే క్రమంగా పసుపుబారి, అడుగున తుప్పురంగు అవక్షేపం చేరుతుంది. అందువల్ల ప్రయోగశాలల్లో అప్పటికప్పుడు తయారుచేసి, కొద్దిగా సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వాడతారు. కచ్చితమైన కొలతలు అవసరమైనప్పుడు గాలికి అంతగా మారని ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌ను, అంటే మోర్ లవణాన్ని ఎంచుకుంటారు. తాను ఆక్సీకరణం చెందుతూ ఎదుటి పదార్థాన్ని క్షయకరణం చేసే ఈ గుణం మీదే నైట్రేట్లను గుర్తించే గోధుమరంగు వలయ పరీక్ష ఆధారపడి ఉంది. సిమెంటులో ఉండే హానికరమైన ఆరు సంయోజకత గల క్రోమియంను మూడు సంయోజకతకు దించడానికి ఈ లవణాన్ని కలపడంలోనూ పనిచేసేది ఇదే గుణం.

భేది ఉప్పు రంగులేని, చేదు రుచిగల స్ఫటికాలుగా ఉంటుంది. వేడిచేస్తే దశలవారీగా నీటిని వదిలి చివరకు అనార్ద్ర లవణంగా మారుతుంది. అనార్ద్ర రూపం తేమను బలంగా పీల్చుకుంటుంది కనుక కర్బన ద్రావణాలలో మిగిలిన నీటిని తొలగించడానికి రసాయనవేత్తలు దీనిని వాడతారు. నీటి శాశ్వత కాఠిన్యానికి కారణమయ్యే లవణాలలో మెగ్నీషియం సల్ఫేట్ ఒకటి.

చరిత్ర

ఇనుప గంధకపు ఖనిజమైన పైరైట్ గాలికి, తేమకు గురైనప్పుడు అన్నభేది సహజంగానే ఏర్పడుతుంది కాబట్టి ఇది ప్రాచీనులకు తెలుసు. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, రాగి లవణంలో దీనిని కల్తీ చేశారో లేదో తెలుసుకోవడానికి మాచికాయ రసంలో నానబెట్టిన పపైరస్‌ను వాడే పద్ధతిని వర్ణించాడు. కల్తీ ఉంటే పపైరస్ నల్లబడుతుంది. మాచికాయలోని టానిన్ ఇనుముతో కలిసి నల్లని సంయుక్తంగా మారడమే ఇందుకు మూలం. మధ్యయుగాల నుంచి 20వ శతాబ్దం వరకు ఐరోపాలో విరివిగా వాడిన సిరా ఈ చర్య ఫలితమే. రాసేటప్పుడు పలచగా కనిపించే ఆ సిరా, గాలి తగిలి ఇనుము +3 స్థితికి మారిన కొద్దీ ముదురు నలుపుకు తిరుగుతుంది. అయితే చర్యలో విడుదలయ్యే ఆమ్లం, మిగిలిపోయిన ఇనుము కలిసి కాగితాన్ని తినివేయడం వల్ల ఎన్నో పాత రాతప్రతులు అక్షరాల వెంబడే చిల్లులు పడి శిథిలమయ్యాయి. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద నల్ల గీతలు గీసే కసిం కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది. కాకపోతే పాత ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టి చేసే కసింలో ఉండేది సల్ఫేట్ కాదు, ప్రధానంగా ఎసిటేట్.

అన్నభేదిని బాగా కాలిస్తే ఎర్రని ఫెర్రిక్ ఆక్సైడ్ మిగిలి, గంధకపు ఆక్సైడ్లు వెలువడతాయి. ఈ వాయువుల నుంచే జర్మనీలోని నార్డ్‌హౌజెన్ ప్రాంతంలో పొగలు కక్కే సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని తయారుచేసేవారు.

భేది ఉప్పు ప్రసిద్ధి ఇంగ్లండులోని ఎప్సమ్‌లో మొదలైంది. 17వ శతాబ్ది తొలినాళ్లలో అక్కడి చేదునీటి ఊట వైద్య గుణాలకు పేరు పొందగా, నెహెమయ్య గ్రూ ఆ నీటిలోని లవణంపై 1695లో గ్రంథం ప్రచురించాడు. జోసెఫ్ బ్లాక్ 1750ల్లో మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) సున్నం కంటే వేరైన పదార్థమని నిరూపించగా, 1808లో హంఫ్రీ డేవీ విద్యుద్విశ్లేషణతో మెగ్నీషియం లోహాన్ని వేరుచేశాడు.

వైద్య వినియోగం

అన్నభేది బరువులో ఐదోవంతు ఇనుము. 300 మిల్లీగ్రాముల లవణంలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. ఫ్రెంచి వైద్యుడు పియరీ బ్లో 19వ శతాబ్దంలో దీనిని పొటాషియం కార్బొనేట్‌తో కలిపి చేసిన మాత్రలు రక్తహీనతకు మందుగా పేరుపొందాయి. నేటికీ రక్తహీనత చికిత్సలో ఫెర్రస్ సల్ఫేట్ చవకైన, ప్రధానమైన మందు. టీలోని టానిన్లు ఇనుమును పట్టివేస్తాయి కనుక ఈ మాత్రలను టీతో వేసుకోకూడదు. మోతాదు మించితే చిన్నపిల్లలకు ప్రాణాపాయం కలుగుతుంది.

భేది ఉప్పు పేగుల్లో అంతగా శోషణ చెందక, చుట్టూ ఉన్న నీటిని పేగులోకి లాగడం వల్ల విరేచనకారిగా పనిచేస్తుంది. అంతకంటే విలువైన ఉపయోగం ప్రసూతి వైద్యంలో ఉంది. గర్భిణులకు రక్తపోటు పెరిగి మూర్ఛలు వచ్చే గుర్రపువాతంలో డయజిపామ్, ఫెనిటాయిన్ కంటే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షనే మేలని 1995లో వెలువడిన అంతర్జాతీయ పరీక్ష తేల్చింది. సుమారు 10,000 మంది స్త్రీలపై జరిగి 2002లో వెలువడిన మ్యాగ్‌పై పరీక్ష, ఇది మూర్ఛల ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని చూపింది. మోతాదు మించితే శ్వాస మందగిస్తుంది కనుక మోకాలి ప్రతిచర్యను గమనిస్తూ ఇస్తారు. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్‌ను సిద్ధంగా ఉంచుతారు.

వ్యవసాయ వినియోగం

మొక్కలో ఇనుము ఒకచోటి నుంచి మరొకచోటికి సులభంగా కదలదు కాబట్టి దాని లోపం లేత ఆకుల్లో కనిపిస్తుంది. మెగ్నీషియం కదులుతుంది కాబట్టి దాని లోపం ముదురు ఆకుల్లో మొదలవుతుంది. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో ఇనుము కరగని రూపంలోకి మారి, వేరుశనగ లేత ఆకులు పసుపు, తెలుపు రంగులకు తిరుగుతాయి. దీనికి ఎకరాకు 200 లీటర్ల నీటిలో కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేయమని తెలుగు రాష్ట్రాల్లో సిఫారసు చేస్తారు. నిమ్మఉప్పు ద్రావణాన్ని ఆమ్లంగా ఉంచి, ఇనుమును పట్టి ఉంచడం వల్ల అది తుప్పుగా పేరుకోదు. పత్తిలో ముదురు ఆకుల ఈనెలు పచ్చగానే ఉండి మధ్యభాగం ఎర్రబారితే లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ చాలు. దానికి నిమ్మఉప్పు అవసరం లేదు. ఏ ఆకుల్లో లక్షణం మొదట కనిపించిందో చూసి లవణాన్ని ఎంచుకుంటేనే పిచికారీ ఫలిస్తుంది.